కూలెంట్‌లో ఆయిల్ కలిసిందా? ఏ రిపేరు, ఏ క్లీనింగ్, ఎవరి దగ్గర

ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (కూలెంట్ నింపే డబ్బా) మూత తీస్తే పచ్చగానో ఎర్రగానో ఉండాల్సిన కూలెంట్ మీద గోధుమరంగు మడ్డి తేలుతోంది. బండిని మూడు షెడ్లలో చూపిస్తే మూడు మాటలు వినిపిస్తాయి. ఒకాయన "హెడ్ దించాలి సార్" (ఇంజన్ పైభాగం విప్పాలని) అంటాడు. ఇంకొకాయన "ఆయిల్ కూలర్ పోయింది, అంతే" అంటాడు. మూడో ఆయన "ఫ్లష్ కొడితే పోతుంది, బండి నడుస్తోంది కదా" అని సర్ఫు డబ్బా తెప్పిస్తాడు. మొదటి రెండు మాటల్లో ఏదైనా నిజం కావచ్చు. మూడోది మాత్రం ఒంటరిగా ఎప్పుడూ నిజం కాదు. ఆయిల్ వచ్చే దారి మూయకుండా కడిగితే నెల తిరక్కుండా అదే మడ్డి మళ్లీ తేలుతుంది, పైగా కొత్త కూలెంట్ డబ్బులు కూడా పోతాయి.

అందుకే ఇక్కడ వరస ముఖ్యం. చౌక పరీక్షతో మొదలుపెట్టి ఖరీదైన పనికి వెళ్లాలి. ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో తేలాకే కడగడం గురించి మాట్లాడాలి.

ముందు అది ఆయిలేనా?

మడ్డి అంతా ఆయిల్ కాదు. పడని రెండు రకాల కూలెంట్లు కలిపినా చిక్కబడి గడ్డ కడతాయి. సెకండ్ హ్యాండ్ బండి అయితే పాత ఓనరు లీకేజీ ఆపడానికి పోసిన స్టాప్ లీక్ మందు కూడా గోధుమరంగులో పైకి తేలుతుంది. తుప్పు నీళ్ల సంగతి సరేసరి. ఇంజన్ పూర్తిగా చల్లారాక (వేడి మీద మూత తీస్తే మరుగుతున్న నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి) కొంచెం బయటికి తీసి వేళ్ల మధ్య రుద్దండి. న్యూస్‌పేపర్ మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి. నీళ్లు ఆవిరైపోయినా ఆయిల్ మరక మిగిలి, వెలుతురుకు పెడితే ఆ చోట కాగితం పలచగా కనిపిస్తుంది. ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు.

ఆయిల్ పోసే మూత అడుగున తెల్లటి నురగ కనిపించడం వేరే సంగతి. వానాకాలంలో హైదరాబాద్‌లో ఇంటి నుంచి మెట్రో స్టేషన్ దాకా మాత్రమే తిరిగే బండిలో ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, లోపలి తేమ ఆ మూత దగ్గర పేరుకుంటుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) శుభ్రంగా ఉండి, కూలెంట్ తగ్గకుండా ఉంటే కంగారు అక్కర్లేదు. ఒకరోజు ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు తిప్పితే చాలా మటుకు పోతుంది.

ట్యాంకులో ఉన్నది ఆయిలేనని తేలితే మాత్రం ఆ బండితో ఔటర్ ఎక్కకండి. టోయింగ్ ఖర్చు ఎక్కువనిపించినా అదే నయం. ఆయిల్ పొర లోపలి గోడలకు అంటుకుంటే వేడి సరిగ్గా బయటికి పోదు. కూలెంట్ ఇంజన్ ఆయిల్‌లోకి కూడా దిగిందంటే అందులోని గ్లైకాల్ బేరింగులను తినేస్తుంది, అప్పుడు వచ్చే బిల్లు ముందు టోయింగ్ బిల్లు లెక్కలోకే రాదు.

ఆయిల్ కూలరా, హెడ్ గ్యాస్కెటా, గేర్‌బాక్సా

డబ్బంతా నిజానికి ఇక్కడే ఆదా అవుతుంది, లేదా పోతుంది. కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఉందాం.

ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి రేస్ మీద 3, 4 బార్ల దాకా వెళ్తుంది. కూలెంట్ ఒత్తిడిని మాత్రం ట్యాంకు మూత సుమారు 1 నుంచి 1.4 బార్ దగ్గర ఆపేస్తుంది. రెండింటి మధ్య గోడకు చిల్లు పడితే ఎక్కువ ఒత్తిడి ఉన్న ఆయిలే కూలెంట్ వైపు తోసుకొస్తుంది. ఇంజన్ ఆపగానే ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, కూలెంట్ ఒత్తిడి చల్లారేదాకా నిలబడుతుంది. అప్పుడు ప్రవాహం తిరగబడి నీళ్లు ఆయిల్‌లోకి వెళ్లొచ్చు. అంటే డిప్‌స్టిక్ శుభ్రంగా ఉందని ఊరుకోవడానికి లేదు. ఇంకా రెండో నష్టం మొదలు కాలేదని మాత్రమే దానర్థం.

ఆయిల్ కూలర్ అంటే ఆయిల్, కూలెంట్ పక్కపక్కనే పారే చిన్న అల్యూమినియం పలకల పెట్టె. డీజిల్ కార్లలో, టర్బో బండ్లలో ఎక్కువగా ఉంటుంది. మన రోడ్ల మీద ఇప్పటికీ చాలా తిరుగుతున్న 1.3 మల్టీజెట్ డీజిల్ (స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా, ఇండికా విస్టా, పుంటో) ఇంజన్లో ఇది ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్‌కే బిగించి ఉంటుంది. మారుతి 2020 ఏప్రిల్‌లో డీజిల్ ఆపేసింది కాబట్టి వాటిలో కొత్త బండి అంటూ ఏదీ లేదు, సీళ్లూ పలకలూ అన్నీ వయసు మీద పడ్డవే. మరోవైపు చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాకులు చాలావాటిలో ఈ కూలరే ఉండదు. అలాంటి బండికి ఎవరైనా ఆయిల్ కూలర్ పేరు చెబితే "ఎక్కడుందో ఒకసారి చూపించన్నా" అనండి చాలు.

లక్షణాలు తేడాగానే ఉంటాయి. కూలర్ పోతే సాధారణంగా టెంపరేచర్ ముల్లు కదలదు, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ రాదు, పికప్ తగ్గదు. ఆయిల్ మట్టం మెల్లగా తగ్గుతుంది, ట్యాంకులో మట్టం పెరుగుతుంది. హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య పెట్టే పలచటి సీలు) అయితే చాలాసార్లు బండి వేడెక్కుతుంది, పొద్దున స్టార్ట్ చేసిన నిమిషం రెండు నిమిషాల్లోనే పై హోస్ పైపు గట్టిపడుతుంది, ట్యాంకులో బుడగలు వస్తాయి, మొదట కాసేపు ఇంజన్ తడబడుతుంది.

బుడగలు ఇంజన్ లోపల మండిన గ్యాసేనా అని చూడటానికి బ్లాక్ టెస్టర్ ఉంటుంది. ట్యాంకు మూతి దగ్గరి గాలిని నీలి ద్రవం గుండా లాగుతారు, గ్యాస్ ఉంటే పెట్రోల్ బండికి అది పసుపు రంగుకు మారుతుంది. ఈ కిట్ ఉన్న షెడ్డుకు నేను ముందే ఒక మార్కు వేస్తాను. డీజిల్‌లో ఐడిల్ మీద పొగలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి ఈ పరీక్ష అంత పదునుగా ఉండదు, రేస్ చేసి చూడాలి.

ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది చెప్పరు. బ్లాక్ టెస్ట్‌లో రంగు మారకపోతే గ్యాస్కెట్ నిర్దోషి అని కాదు. హెడ్‌కు ఆయిల్ మోసుకెళ్లే రంధ్రానికీ, నీళ్ల దారికీ మధ్య గ్యాస్కెట్ తెగితే మండిన గ్యాస్ అసలు రాదు, ఆయిల్ మాత్రం వస్తుంది. లక్షణాలన్నీ కూలర్‌వే! అందుకని ఆయిల్ కూలర్ ఉన్న బండిలో నేను అడిగేది ఇది: కూలర్ విప్పి, రంధ్రాలు మూసి, వేడినీళ్ల టబ్బులో ముంచి, ఆయిల్ వైపు నుంచి గాలి పెట్టండి. కొన్ని కూలర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టి ఉంచి వేడెక్కాకే వదులుతాయి, అందుకే వేడినీళ్లు. బుడగ వచ్చిందా, దొంగ దొరికాడు. రాలేదా, అప్పుడు హెడ్ గురించి మాట్లాడుకోవచ్చు. హెడ్ విప్పే లేబర్‌తో పోలిస్తే ఈ పరీక్ష ఖర్చు ఎంతో తక్కువ. దీనికి ఒప్పుకోకుండా నేరుగా హెడ్ మీదికే వెళ్లే షెడ్డుకు బండి ఇవ్వొద్దన్నది నా మాట.

కూలర్ దొరికాక మళ్లీ ఒక ఎంపిక. సీళ్లు మాత్రమే మార్చాలా, మొత్తం కూలర్ మార్చాలా? నీళ్లలో బుడగ పలకల నుంచి వస్తే కొత్తది తప్ప దారి లేదు, దానికి వెల్డింగ్ పెట్టించడం వృథా. కూలర్ కూర్చునే చోటి రబ్బరు మాత్రమే పోయిందని తేలితే సీల్ కిట్ చాలు. నా వరకైతే, బండి లక్ష కిలోమీటర్లు దాటి ఉంటే అప్పుడు కూడా కొత్త కూలరే వేయిస్తాను, ఎలాగూ విప్పిన లేబర్ ఇచ్చేశాం కాబట్టి. రాణిగంజ్‌లో బయటి కంపెనీ కూలర్లు ఒరిజినల్ కంటే బాగా తక్కువకు దొరుకుతాయి. హోస్ పైపు, క్లిప్పుల లాంటివాటికి బయటి కంపెనీ సామాను నాకు అభ్యంతరం లేదు. కూలర్, హెడ్ గ్యాస్కెట్ ఈ రెండింటికి మాత్రం ఒరిజినల్ లేదా ఆ కార్ల కంపెనీకి సప్లై చేసేవాళ్ల సొంత బ్రాండే తీసుకోండి.

ఇక ఆటోమేటిక్ బండ్లు. చాలా టార్క్ కన్వర్టర్, కొన్ని సీవీటీ గేర్‌బాక్సుల ఆయిల్ రేడియేటర్ పక్క ట్యాంకులోని కూలర్ గుండా తిరుగుతుంది. అది చిల్లుపడితే ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో గులాబీ రంగు జిడ్డు కనిపిస్తుంది. దీన్ని అసలు ఆలస్యం చేయొద్దు. గ్లైకాల్, నీళ్లు గేర్‌బాక్సులోకి చేరితే క్లచ్ పలకలకు అంటించిన పొర ఊడిపోతుంది, కొద్దిపాటి నీళ్లు కూడా చాలు. రేడియేటర్ మార్చి, గేర్‌బాక్సు ఆయిల్‌ను పూర్తిగా మార్పించాలి, రెండింటిలో ఒకటి చేసి ఊరుకుంటే లాభం లేదు. అయితే సిటీలో తిరిగే చిన్న "ఆటోమేటిక్" కార్లలో చాలా ఏఎంటీలే (ఆటోమేటెడ్ మాన్యువల్). మన దగ్గర 2014లో మారుతి సెలెరియోతో మొదలైన రకం. లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే, రేడియేటర్‌తో దానికి సంబంధం లేదు. మీది ఏఎంటీ అయితే ఈ అనుమానం కొట్టేయండి.

హెడ్ విప్పాల్సి వస్తే

ఇక్కడ తక్కువ ఖర్చు దారి గ్యాస్కెట్ మార్చి బిగించేయడం. ఎక్కువ ఖర్చు దారి హెడ్‌ను లేత్ షాపుకు పంపి ప్రెషర్ టెస్ట్, ఫేసింగ్ (హెడ్ అడుగును చదునుగా చెక్కడం) చేయించడం. బండి ఒక్కసారైనా ఓవర్‌హీట్ అయి ఉంటే మొదటి దారి వద్దు. అల్యూమినియం హెడ్ వంగి ఉండొచ్చు, అప్పుడు కొత్త గ్యాస్కెట్ కూర్చోదు, పగులు ఉంటే కంటికి కనిపించదు. ఆటోనగర్, రాణిగంజ్ వైపు హెడ్ పనులు చేసే లేత్‌లు ఉన్నాయి. మీ మెకానిక్ ఎవరికి పంపుతున్నాడో కనుక్కోండి, వీలైతే ప్రెషర్ టెస్ట్ జరిగేటప్పుడు వెళ్లి నిలబడండి. కొన్ని డీజిల్ ఇంజన్లలో కంపెనీ ఫేసింగ్‌కు ఒప్పుకోదు, కొన్నిటిలో పిస్టన్ ఎంత పైకి వస్తుందో కొలిచి దానికి సరిపడే మందం గ్యాస్కెట్ వేయాలి. పాత గ్యాస్కెట్ అంచున ఉన్న గాట్లో రంధ్రాలో లెక్కపెట్టి అదే మందం తెస్తున్నాడా అని అడిగితే మెకానిక్ ఎంత తెలిసినవాడో మీకు అర్థమవుతుంది. ఒకసారి సాగే రకం హెడ్ బోల్టులు అయితే పాతవి మళ్లీ వాడకూడదు.

బ్లాకే పగిలితే "హాఫ్ ఇంజన్ వేసేద్దాం" (హెడ్ లేకుండా బ్లాకు, పిస్టన్లు కలిపి వచ్చేది) అనే మాట వస్తుంది. అది చౌకే గానీ బ్లాక్ మీద ఇంజన్ నంబరు మారిపోతుంది, ఆర్టీఏలో ఆర్‌సీ మీద ఎక్కించుకోకపోతే రేపు అమ్మేటప్పుడు, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో ఇరుక్కుంటారు. ఆ సామాను ఎక్కడి నుంచి వచ్చిందో బిల్లు లేకుండా అసలు తీసుకోవద్దు. బండికి 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడుతుంటే, రెన్యువల్ ఖర్చు, గ్రీన్ ట్యాక్స్ కూడా కలిపి లెక్కేసుకుని, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మేయడమే మేలు.

షోరూమా, మల్టీబ్రాండా, తెలిసిన మెకానిక్కా

వారంటీ లేదా ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే ఆలోచనే లేదు, కంపెనీ సర్వీస్ సెంటర్‌కే. బయట ఒక్క బోల్టు విప్పినా వాళ్లు చేతులు దులుపుకునే అవకాశం ఉంది. మామూలు ఇన్సూరెన్స్ ఇలాంటి అరుగుదలను ఇవ్వదు, ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉంటే షరతులు చదవండి, అది ఎక్కువగా వరదనీళ్లు ఇంజన్లోకి వెళ్లడం లాంటివాటి కోసం.

వారంటీ దాటిన బండికి సర్వీస్ సెంటర్ దగ్గర ఒక ఇబ్బంది: విడిభాగాన్ని పరీక్షించి బాగుచేయడం కంటే మొత్తం అసెంబ్లీ మార్చడానికే మొగ్గు చూపుతారు. తెలిసిన మెకానిక్ దగ్గర సామాను మనమే తెచ్చుకోవచ్చు, పాత పార్టు చేతికి వస్తుంది. కానీ ఈ పనిలో కడగడమే ఒకరోజు తింటుంది, పక్కన నాలుగు బండ్లు ఆగి ఉంటే ఆయన రెండు రిన్సులతో ముగించేస్తాడు. మల్టీబ్రాండ్ గ్యారేజీలో స్కానర్, ప్రెషర్ టెస్టర్, గాలి తీసే వాక్యూమ్ ఫిల్లర్ ఉంటే నా ఓటు అటే. లేకపోతే బోర్డు పెద్దదైనా వాళ్లూ వీధి చివరి షెడ్డూ ఒకటే.

దేనితో కడగాలి

షెడ్లలో ఎక్కువగా వినిపించేవి నాలుగు: గిన్నెలు తోమే లిక్విడ్, సర్ఫు, కిరోసిన్ లేదా డీజిల్, రేడియేటర్ యాసిడ్. నాలుగింటిలో ఏదీ నేను ఒప్పుకోను, కారణాలు మాత్రం వేరు వేరు.

గిన్నెల లిక్విడ్, చేతితో ఉతికే సర్ఫు జిడ్డును బాగానే వదిలిస్తాయి. చిక్కు నురగతో. వాటర్ పంపు నీళ్లను తోయగలదు గానీ నురగను కాదు. హెడ్‌లో నీళ్లు లేని చోట్లు ఏర్పడి అక్కడ వేడి పెరుగుతుంది, సెన్సర్ చుట్టూ నురగే ఉంటే మీటరు నిజం చెప్పదు. కిరోసిన్, డీజిల్ అయితే రోగాన్నే మందుగా పోయడం. హోస్ పైపుల రబ్బరును పాడుచేసేది పెట్రోలియం నూనే కదా. పైగా ఇంజన్ నీళ్లు 90 డిగ్రీలకు వెళ్తాయి, ఆ రెండూ అంతకు చాలా ముందే అంటుకునే ఆవిరి వదులుతాయి. యాసిడ్, కాస్టిక్ సోడా రెండూ అల్యూమినియాన్ని తింటాయి, వాటి పేరు ఎత్తినవాడి దగ్గర తాళం వెనక్కి తీసుకోండి.

మిగిలేవి రెండు. ఒకటి, ఆయిల్ తీయడానికేనని, అల్యూమినియంకు హాని లేదని లేబుల్ మీద రాసి ఉన్న కూలింగ్ సిస్టమ్ క్లీనర్. లేబుల్ చదవాలి, ఎందుకంటే రేడియేటర్ ఫ్లష్ పేరుతో అమ్మేవాటిలో కొన్ని తుప్పు, సున్నం తీయడానికే, జిడ్డు వాటికి లొంగదు. రెండోది, డిష్‌వాషర్ మెషీన్‌లో వేసే పౌడర్. నురగ రాదు, జిడ్డు విరగ్గొడుతుంది, సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది. కానీ అది క్షారం, అల్యూమినియం మీద ఎక్కువసేపు ఉంచకూడదు. వేడినీళ్లలో పూర్తిగా కరిగించి పోసి, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) తెరుచుకున్నాక పావుగంట, ఇరవై నిమిషాలు నడిపి, గోరువెచ్చగా ఉండగానే వదిలేయాలి. రాత్రంతా ఉంచొద్దు. కూలెంట్ పలచగా, పైన ఆయిల్ పొర మాత్రమే ఉంటే ఇది చాలు. గట్టి మీగడలా పేరుకుపోతే క్లీనర్ మీదే డబ్బు పెట్టండి.

దేనితో కడిగినా పద్ధతి ఒక్కటే. ఎక్స్‌పాన్షన్ ట్యాంకును విప్పి బయటే కడగాలి, లేదా కొత్తది వేయాలి. పాత థర్మోస్టాట్ ఎలాగూ పోయేదే, చివర్లో కొత్తది వేయండి. హీటర్ నాబ్ ఫుల్ వేడి మీద పెట్టాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా నింపడం, వేడిచేయడం, వదలడం. రెండుసార్లతో అయిపోయిందంటే నమ్మొద్దు.

మడ్డినీళ్లను నాలాలోకో, వీధి కాల్వలోకో వదలనివ్వొద్దు. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం, వీధి కుక్కలు నాకితే చచ్చిపోతాయి. క్యాన్లలో పట్టించి, పాత ఇంజన్ ఆయిల్‌తో పాటు సరిగ్గా అప్పగించే గ్యారేజీని అడగండి.

రేడియేటర్, పైపులు, హీటర్

పాత రాగి రేడియేటర్ అయితే ట్యాంకు ఊడదీసి గొట్టాల్లో రాడ్ కొట్టించి శుభ్రం చేయించేవాళ్లు. ఇప్పటి వాటికి అల్యూమినియం కోర్, నొక్కి బిగించిన ప్లాస్టిక్ ట్యాంకులు, సన్నటి గొట్టాలు. మడ్డి పట్టాక ఫ్లష్‌తో సగం సగమే తెరుచుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఎండలో ఏసీ వేసుకుని పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగే బండికి సగం రేడియేటర్ చాలదు. కడిగాక ఇంజన్ వేడి మీద ఉండగా రేడియేటర్ ముందు భాగమంతా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి, మధ్యలో చల్లటి పట్టీలు కనిపిస్తే కొత్తది వేయించండి.

హోస్ పైపులు చేత్తో నొక్కితే మెత్తగా లొంగి, క్లిప్పు దగ్గర ఉబ్బి ఉంటే ఆయిల్ తాగినట్టే. ఆ రబ్బరు మళ్లీ కోలుకోదు. బయటికి బాగానే కనిపించినా ఆయిల్ చాలాకాలం ఉన్న బండిలో పై, కింది పైపులు, ట్యాంకు మూత తప్పక మార్చండి.

హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) విషయంలో హైదరాబాద్ వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. డిసెంబరు పొద్దుల్లో తప్ప హీటర్ ఎవరు వేస్తారు? అది పూడుకుపోతే డ్యాష్‌బోర్డు విప్పి మార్చడం పెద్ద పని. అందుకే రెండు పైపులూ కలిపి బైపాస్ చేసేద్దామంటారు. పాత బండికి నాకు అభ్యంతరం లేదు, పైపులను మూసేయకుండా ఒకదానితో ఒకటి కలిపితే. శ్రీశైలం ఘాట్, అరకు అంటూ తిరిగేవాళ్లు, మంచులో అద్దం ఆవిరి పట్టే తెల్లవారుజామున డ్రైవ్ చేసేవాళ్లు మాత్రం ఆ దారి పట్టొద్దు.

మళ్లీ ఏం నింపాలి

మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కాబట్టి ఉత్త నీళ్లు చాలనే వాదన ఇంకా ఉంది. కూలెంట్ గడ్డకట్టకుండా ఉండటానికి మాత్రమే కాదు, తుప్పు ఆపడానికి, మరిగే ఉష్ణోగ్రత పెంచడానికి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది, ఇక్కడ తెరిచిన గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. బోరు నీళ్లయితే బాత్రూమ్ నల్లాల మీద కనిపించే తెల్ల సున్నమే రేడియేటర్ లోపల కూడా పడుతుంది. మొదటి రిన్సులు ఏ నీళ్లతోనైనా చేయండి, ఆఖరిది మాత్రం బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో.

ఇంకో కిటుకు. డ్రెయిన్ చేసినా బ్లాకులో చాలా నీళ్లు మిగులుతాయి. మీ బండి సామర్థ్యం 6 లీటర్లు, వదిలాక 3.5 లీటర్లే బయటికి వచ్చాయనుకోండి. అప్పుడు రెడీమిక్స్ (ముందే నీళ్లు కలిపిన) కూలెంట్ పోస్తే సగానికి సగం నిష్పత్తి రాదు. కాన్సంట్రేట్ (నీళ్లు కలపని కూలెంట్) 3 లీటర్లు కొలిచి పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపితే లెక్క సరిపోతుంది. రంగు చూసి కొనొద్దు, ఒకే రంగులో వేర్వేరు రకాలున్నాయి. మాన్యువల్‌లో చెప్పిన రకం చూడండి.

ఎంత కడిగినా మూలల్లో ఉన్న ఆయిల్ కొన్ని వారాలపాటు ట్యాంకులోకి వస్తూనే ఉంటుంది. అందుకే ఖరీదైన లాంగ్ లైఫ్ కూలెంట్ మొదటిసారే పోయొద్దు. అదే రకంలో చౌకది నింపి ఓ నెల తిప్పి, వదిలేసి, అప్పుడు అసలుది పోయండి. ఆ నెలలో వారానికోసారి, పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద ట్యాంకులో మట్టం ఒక ఫోటో, డిప్‌స్టిక్ ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ట్యాంకులో పలచటి పొర వారం వారం తగ్గుతుంటే అది పాత ఆయిలే, టిష్యూతో తీసేయండి. తీసిన కొద్దీ అంతే వస్తూ, డిప్‌స్టిక్ మీద మట్టం దిగుతుంటే, ఫోటోలు పట్టుకుని అదే గ్యారేజీకి వెళ్లండి, బిల్లు మీద రాసిన లేబర్ గ్యారంటీ తేదీ దాటకముందే.